రసాయనశాస్త్ర వ్యాసాల్లో ఆధారాలు: ఎవరి పేరు, ఎవరి మాట?

ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే దారిలో సముద్రం దగ్గరయ్యేకొద్దీ రొయ్యల గుంటలు కనపడతాయి. కెమిస్ట్రీ చదివే మన పిల్లవాడొకడు ఆ నీళ్లలో ఫాస్ఫేటు ఎంతుందో తేల్చి వ్యాసం రాశాడనుకుందాం. పద్ధతికి ఆధారం చూపాలి. చాలామంది చూపేది మర్ఫీ, రైలీ 1962లో 'అనలిటికా కిమికా ఆక్టా' 27వ సంపుటంలో రాసిన వ్యాసాన్ని. మాలిబ్డేటూ విటమిన్ సి కలిపిన ద్రావణం పోస్తే నీళ్లు నీలమవుతాయి, రంగు చిక్కదనాన్ని బట్టి లెక్క.

ఈ నీలిరంగు చరిత్రలో ఒక తెలుగువాడున్నాడు. 1925లో ఫిస్క్, సుబ్బారావు ఇద్దరూ 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ' 66వ సంపుటంలో ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి ప్రకటించారు. దాన్ని నేటికీ ఉటంకిస్తూనే ఉన్నారు. ఎట్లా? 'సుబ్బారావు, వై.' అని. యల్లాప్రగడ అనే ఇంటిపేరు ఒక్క అక్షరమై వెనక్కి పోయింది, సొంత పేరు ఇంటిపేరు కుర్చీలో కూచుంది. భీమవరంలో పుట్టిన బ్రాహ్మణుడికి ఇది పేరు తారుమారవడం, అంతే. ఇంటిపేరు అడిగి కులం పసిగట్టే దేశంలో మనవాళ్లకి ఆ ఒక్క అక్షరం కాస్త నీడ కూడా. అయితే ఒక వ్యాసంలో ఇంటిపేరు ముందు, మరోదాంట్లో సొంత పేరు ముందు పడితే సూచికల్లో ఒక మనిషి ఇద్దరవుతాడు, చేసిన పని రెండుగా చీలిపోతుంది. కాబట్టి మొదటి వ్యాసానికే పేరు ఎట్లా రాయాలో తేల్చుకుని, చివరిదాకా అదే రాయమని విద్యార్థులకి మా సలహా.

కెమిస్ట్రీ పత్రికల పద్ధతి మహా పొదుపు. పేరు, పొట్టి చేసిన పత్రిక పేరు, సంవత్సరం, సంపుటం, పేజీ. చాలా పత్రికలు ఎంతోకాలం వ్యాసం శీర్షిక కూడా వేసేవి కావు. ఈ పొదుపుని మేము తప్పుపట్టడం లేదు. లైబ్రరీలో వెతికేవాడికి అది చాలు. కానీ అచ్చయిందే జ్ఞానమన్న నమ్మకం దాని కింద పరుచుకుని ఉంది. మా పేచీ దాంతోనే.

తోలు సంగతి తీసుకోండి. పచ్చితోలుని సున్నంనీళ్లలో నానేసి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క కషాయంలో ఊరేసి పదును చేయడం మాదిగల విద్య. తంగేడు చెక్కలో టానిన్ ఉందని తర్వాత వ్యాసాలొచ్చాయి. వాటిల్లో ఈ విద్య ఎక్కడుంటుంది? మొదటి పేరాలో, 'సంప్రదాయంగా వాడుతున్నారు' అన్న ఒక్క వాక్యంలో. ఎవరు వాడుతున్నారు? కర్త లేని వాక్యం! దానికి నంబరు వేయాలంటే మళ్లీ అచ్చు పుస్తకమే దిక్కు. మద్రాసు ప్రెసిడెన్సీ తోళ్లపని మీద 1904లో వచ్చిన ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ గ్రంథానికి నంబరు పడుతుంది. చూసి రాసినవాడు ఆధారమయ్యాడు. చేసి చూపినవాడు సంప్రదాయమయ్యాడు.

అట్లాగని రిఫరెన్సులంటే అగ్రకులాల తంతు అని కొట్టిపారేసేవాళ్లతో మేము ఏకీభవించం. రొయ్యల సాగు మీద తమిళనాడు గాంధేయవాది జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పిచ్చింది. మంచినీళ్లు ఉప్పెక్కుతున్నాయని తీరం పొడుగునా జనం మొత్తుకుంటూనే ఉన్నారు. కోర్టు పేజీలకు పేజీలు ఎత్తి రాసుకుంది మాత్రం నాగపూర్ నీరీ సంస్థ నివేదికల్ని. 2005లో కోస్తా ఆక్వాకల్చర్ చట్టం తెచ్చి ఆ తీర్పు పదును తీసేశారు, అది వేరే కథ. ఆధారం నంబరుతో సహా చూపినవాడి మాట ఆఫీసుల్లో నిలబడుతుంది. ఆ పని మనం నేర్చుకోకపోతే మన నీళ్ల గురించి కూడా ఇంకొకరే రాస్తారు.

మరి అచ్చులో లేని మనిషిని ఎట్లా చూపడం? ఇక్కడ మనవాళ్లు వాడుకోని వెసులుబాటొకటి ఉంది. అమెరికన్ కెమికల్ సొసైటీ పద్ధతిలోనే 'స్వయంగా తెలిపిన సమాచారం' అనే తరహా రిఫరెన్సుంది. పేరు, పనిచేసే సంస్థ, ఊరు, సంవత్సరం రాసి ఆ మాట చేర్చాలి, చెప్పిన మనిషి అనుమతి తీసుకోవాలి. ప్రొఫెసర్లు ఒకరి మాట ఒకరు ఇట్లాగే ఉటంకించుకుంటారు. ఏ బోరు ఏ ఏడు ఉప్పెక్కిందో, ఏ నెలలో పప్పు ఉడకడం మానేసిందో బిందె మోసిన ఆడమనిషికి తెలుసు. నమూనా ఏ బోరులో పట్టాలో విద్యార్థికి తెలిసేది ఆమె చెబితేనే. అట్లాంటప్పుడు ఆమె మాటకీ ఒక నంబరు పడాలి. సంస్థ పేరు రాయాల్సినచోట ఏం రాయాలని గైడు అడుగుతాడు. దళితవాడ అని రాయండి.

అనుమతి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఆమె కూలికి పోయేది ఆ గుంటల మీదకే కావచ్చు. పేరు అచ్చయితే మర్నాడు పని ఉండదు. రాసింది ఆమెకి చదివి వినిపించాలి, వద్దంటే పేరు తీసేసి వాడ, నెల, సంవత్సరం మాత్రం ఉంచాలి. అదీ వద్దంటే ఆ వరస మొత్తం కొట్టేయాలి.