పెనం మీద పోర్క్ చాప్

బెంగళూరు కుందలహళ్ళి అపార్టుమెంట్లలో, ఆఫీసు నుంచి రాగానే చొక్కా చేతులు మడుచుకుని పోర్క్ చాప్ వేయించే మనవాళ్ళంటే నాకు గౌరవం. పులుసుకూరలో ముక్క ఉడక్కపోతే ఇంకో పావుగంట మూత పెట్టొచ్చు. చాప్‌కు ఆ వెసులుబాటు లేదు, నిమిషం ఎక్కువైతే ఎండిపోతుంది. ఎముకతో అంగుళం మందాన కోసిన ముక్కకు ఉప్పు, కొడగు నుంచి వచ్చే నల్లటి పులుపు ద్రవం కచంపులి పట్టించి గంటసేపు ఉంచుతారు. తర్వాత ఒత్తి తుడుస్తారు. తడి ముక్క వేగదు, ఉడుకుతుంది. అంచు కొవ్వుకు రెండు మూడు గాట్లు పెట్టకపోతే ముక్క వంకర తిరుగుతుంది. అనుభవమున్న చెయ్యి మొదట పట్కారుతో ముక్కను కొవ్వు అంచు మీద నిలబెడుతుంది. కరిగిన ఆ కొవ్వులోనే రెండు పక్కలా ఎర్రగా వేయిస్తుంది. వేరే నూనె ఎందుకు? దంచిన వెల్లుల్లి, మిరియాలు చివర్లోనే పడాలి, ముందే వేస్తే మాడి చేదెక్కుతాయి. లోపల 63 డిగ్రీల సెల్సియస్ చేరాక దించి, కనీసం 3 నిమిషాలు కదపకుండా ఉంచాలి. (ఆకలి మీదున్నవాళ్ళకు వంటంతటిలో కష్టమైన పని ఇదే.) ఈలోగా పక్కకు కోసంబరి: నానిన పెసరపప్పు, సన్నగా తరిగిన కీర, కొబ్బరి కోరు, నిమ్మరసం. ఉప్పు వడ్డించేటప్పుడే, లేదంటే కీర నీళ్ళు వదిలేస్తుంది. కొవ్వు నాలుకను కప్పేసిన చోట ఆ పులుపు, ఆ కరకర వచ్చి నోటిని రెండో ముక్కకు సిద్ధం చేస్తాయి. ఇంట్లో శాకాహారులుంటే కోసంబరి ఇంకో గిన్నెడు కలిపితే సరి, దానికి పొయ్యి కూడా అక్కర్లేదు.