వాల్వు వేడెక్కాలి, వోల్టేజీ నిలవాలి

గోదావరి ఒడ్డున పట్టిసీమ శివరాత్రి తీర్థంలో గిటారు వాయించాలంటే ముందు చూసుకోవాల్సింది కరెంటు. సీరియల్ లైట్లు, మైక్‌సెట్టు, రంగులరాట్నం అన్నీ ఒకే లైను మీద నడిచేచోట 230 వోల్టులు కాగితం మీదే ఉంటాయి. జనరేటరు వేస్తే అదీ ఊగుతుంది.

వాల్వు ఆంప్లిఫయరుకు ఈ ఊగిసలాట గట్టిగా తగులుతుంది. గాజుబుడ్డిలో ఫిలమెంటు ఎర్రగా కాలితేనే ఎలక్ట్రాన్లు బయల్దేరతాయి. వాటిని ప్లేటు దాకా లాగడానికి మూడు, నాలుగు వందల వోల్టులు కావాలి. ఆ రెంటినీ ట్రాన్స్‌ఫార్మరు గోడ ప్లగ్గు నుంచే తెస్తుంది కాబట్టి అక్కడ పడితే ఇక్కడా పడుతుంది. నాదం మెత్తబడి, తొందరగా బొంగురుపోతుంది. 1978లో వచ్చిన తన బ్యాండ్ తొలి ఆల్బం నాటికి రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హాలెన్ ఈ బొంగురు కోసమే వేరియాక్ పెట్టి, అమెరికా 120 వోల్టులను దాదాపు 90కి దించి తన మార్షల్ ఆంప్‌కు ఇచ్చేవాడు. మన పల్లెల్లో ఆ సదుపాయం ఉచితం. ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పి రాదు.

అయినా వాల్వు మీద మమకారం వట్టి పాతకాలపు పిచ్చి కాదు. సిగ్నల్ మోతాదు మించితే మామూలు ట్రాన్సిస్టర్ సర్క్యూట్ అల శిఖరాన్ని కత్తిరించేస్తుంది. వాల్వు దాన్ని గుండ్రంగా అణుస్తుంది. మెల్లగా మీటితే తేటగా, గట్టిగా మీటితే గరగరగా పలుకుతుంది. గిటారు నాబ్ కాస్త తిప్పితే చాలు, కాలితో ఏ స్విచ్చూ తొక్కకుండానే ఆ గరగర తగ్గిపోతుంది. చిక్కేమిటంటే, పవర్ వాల్వుల నుంచి ఈ గుణం రాబట్టాలంటే శబ్దం బాగా పెంచాలి. ఫెండర్ ట్విన్ రివర్బ్ 85 వాట్లది; అంత పెంచితే గాయకుడి గొంతు వినపడదు. పైగా దాదాపు 29 కిలోల పెట్టె. రేవులో పడవెక్కించి చూస్తే తెలుస్తుంది దాని సంగతి.

ఆంప్‌ల నాదాన్ని అనుకరించే డిజిటల్ మోడలర్ వచ్చింది ఇక్కడికే. 1998లో లైన్ 6 పాడ్, 2006లో ఆక్స్-ఎఫ్ఎక్స్, 2011లో కెంపర్. కెంపర్ అసలు ఆంప్‌లోకి పరీక్ష శబ్దాలు పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి దాని స్వభావాన్ని పట్టేస్తుంది. చాలా మోడలర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా ఏదిచ్చినా లోపల ఒకేలా నడుస్తాయి. నేరుగా మిక్సర్‌కు తీగ కలిపితే సరి, స్పీకరు ముందు మైకు పెట్టే పనే లేదు.

నిలకడ ఒక్కటే లెక్కైతే ఇక వాదన లేదు. అయితే ఆంప్లిఫయరును శబ్దం పెంచే పెట్టెగా చూడటమే అసలు పొరపాటు. ఇందుకు సాక్ష్యం పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉంది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేతిలో మాండొలిన్ మారిన తీరు చూడండి. మామూలు మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు. స్వరం పుట్టీపుట్టగానే ఆరిపోతుంది, జంట తీగలను వంచడమూ కష్టమే. శ్రీనివాస్ ఐదు ఒంటితీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు మారాడు. స్వరం నిలిచింది, గమకానికి చోటు దొరికింది. గాత్రం ద్వారా పాఠం చెప్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడిన వరుస తీగమీద పలికింది. ఆంప్లిఫయరు అక్కడ వాద్యంలో ఒక భాగం.

మోడలర్ వాడేవాళ్లు తరచూ జారిపడేది కూడా ఆంప్‌ను ఇలా వాద్యంలో భాగంగా చూడనిచోటే. గదిలో మెల్లటి శబ్దంలో చెవికి బాస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. రెంటినీ పెంచి ఆ అమరికను ప్రీసెట్‌గా దాచుకుంటారు. స్టేజీ మీద అదే ప్రీసెట్ కింద హోరెత్తిపోతుంది, పైన చెవులు కోస్తుంది. కచేరీ శబ్దంలో విని సరిచేసుకున్నదే నిలుస్తుంది. మైక్‌సెట్టు అబ్బాయితో ముందే రెండు ముక్కలు మాట్లాడుకోవడం అంతకంటే మేలు.

మరమ్మతు దగ్గర మాత్రం తక్కెడ మళ్లీ వాల్వు వైపు ఒరుగుతుంది. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) ఒకప్పుడు వాల్వులు తయారుచేసేది. ఇప్పుడు విదేశాల నుంచి తెప్పించుకోవాల్సిందే. అయినా వాల్వు రేడియోలు బాగుచేసిన పాతకాలపు మెకానిక్ దొరికితే, ప్లేటు వోల్టేజీ జాగ్రత్త తెలిసినవాడు కాబట్టి, ఆంప్ విప్పి టంకం పెట్టి పాడించగలడు. మోడలర్ బోర్డు పోతే కంపెనీకి పార్సిల్ కట్టాలి, తీర్థం ముగిసేలోగా అది తిరిగిరాదు.