మంచు గొయ్యి

నెక్కొండ కల్లాల్లో మిర్చిని ఎండబెట్టే మార్చి ఎండే మనాలి పైకొండల మీదా కాస్తుంది. చలికాలమంతా పేరుకున్న మంచు అక్కడ ఆ ఎండకే పట్టు తప్పి చరియలుగా జారుతుంది. ఏ వాలు నిలుస్తుందో, ఏది జారుతుందో ముందే అంచనా కట్టే పనివాళ్లున్నారు. వాళ్ల సరంజామా ఒక పార, ఒక థర్మామీటరు, ఒక భూతద్దం, అంతే.

ముందు చోటు చూసుకోవాలి. చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. తాము దాటబోయే వాలు లాంటిదే, కానీ జారినా ప్రాణం పోని చోట గొయ్యి తవ్వి, ఒక గోడను పారతో నున్నగా చెక్కుతారు. మన దగ్గర బావి తవ్వే మనిషి మట్టిని, మొరాన్ని, రాతిని చూసి నీటి జాడ చెప్పినట్టే, ఆ గోడలోని పొరలను చూసి మంచు జాతకం చెబుతారు. పిడికిలి దిగితే మెత్తని పొర. తర్వాత నాలుగు వేళ్లు, ఒక వేలు, పెన్సిలు. కత్తి మొన మాత్రమే దిగితే బాగా గట్టిది. గట్టి పలక కింద ఒకదానికొకటి అంటుకోని పలుకులు కనబడ్డాయంటే గుండె జారుతుంది.

ఆ తర్వాతి పరీక్ష మరీ ముచ్చటైనది. 30 సెంటీమీటర్ల చదరంలో మంచును స్తంభంగా కోసి, పైన పార పలక పెట్టి తడతారు. మణికట్టు నుంచి 10 దెబ్బలు, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10. ఎన్నో దెబ్బకు ఏ పొర తెగింది, నున్నగా జారిందా గరుకుగా ఆగిందా అన్నది రాసుకుంటారు. దెబ్బ దెబ్బకూ చేతి బరువు మారకుండా చూసుకోవడం ఒక విద్య. స్తంభం నిలిచింది కదా అని కొండంతటినీ నమ్మకపోవడం అంతకన్నా పెద్ద విద్య.

ఎండలు ముదిరాక లెక్క మారుతుంది. మంచు అడుగుదాకా 0 డిగ్రీలకు చేరితే, కరిగిన నీళ్లు లోపలికి ఇంకి పలుకుల మధ్య పట్టును వదులు చేస్తాయి. అప్పుడు గొయ్యి కన్నా గడియారం ముఖ్యం. రాత్రి ఆకాశం తేటగా ఉంటే పైపొర గడ్డకడుతుంది, మబ్బు పడితే కట్టదు. అందుకే చీకటితోనే బయలుదేరి, ఎండెక్కకముందే వాలు దాటేస్తారు. కాలు చీలమండ దాటి దిగబడుతోందంటే వెనక్కి తిరగాల్సిందే.

మంచు అంచనా తప్పితే ప్రాణాలే పోతాయి. ఎవరెస్టుకు టిబెట్ వైపు దారిలో, నార్త్ కోల్ అనే కనుమ కింద, 1922 జూన్ 7న కొత్త మంచు విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. ఆ వైపు నుంచే 2014 మే 25న మన నిజామాబాద్ జిల్లా పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ శిఖరం చేరారు. భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కడంతో మొదలైన వాళ్ల శిక్షణ డార్జిలింగ్, లడఖ్ దాకా సాగింది. మంచు సంగతి రాయి నేర్పదు మరి.

సెలవుల్లో హిమాచల్, ఉత్తరాఖండ్ ట్రెక్కులకు వెళ్లే మన పిల్లలకు ఒక్క మాట: చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ ఇచ్చే మంచు చరియల హెచ్చరిక చూడకుండా అడుగు వేయకండి. గైడు 'ఇవాళ వద్దు' అంటే, డబ్బు కట్టాం కదా అని పట్టుబట్టకండి.