తిరగబడిన ఆకు ఏం చెబుతుంది?

మలయా అడవిలో మనిషి నడిచిన సంగతి ముందుగా బయటపెట్టేది అడుగుజాడ కాదు, ఆకు. రాలిన ఆకు పైవైపు ముదురుగా, అడుగువైపు లేతగా ఉంటుంది. కాలు తగిలి బోర్లాపడ్డ ఆకు మిగతావాటి మధ్య పాలిపోయి కనిపిస్తుంది. ఒకటే అయితే గాలి పని కావచ్చు. ఒకే దిక్కుగా నాలుగైదు కనిపిస్తే మాత్రం ఎవరో అటు వెళ్లినట్టే.

1948లో బ్రిటిష్ మలయాలో కమ్యూనిస్టు గెరిల్లాల తిరుగుబాటు మొదలైంది. అడవిని ఆనుకునే రబ్బరు తోటలుండేవి. వాటిలో కూలికి పోయిన మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. తోటల మీద దాడి చేసి అడవిలో మాయమయ్యేవాళ్ల జాడ తీయడానికి ప్రభుత్వం సముద్రం అవతలి సారవాక్ నుంచి ఇబాన్ తెగవాళ్లను రప్పించింది. 1953లో వాళ్లతో సారవాక్ రేంజర్స్ దళమే ఏర్పడింది. ఇబాన్లది అడవిపందుల వేటలో అబ్బిన విద్య. పైగా పడుచువాళ్లు ఊరు విడిచి దూరాలు తిరిగి పేరు తెచ్చుకోవాలన్న ‘బెజలై’ ఆచారం వాళ్లకు ఉంది. పరాయి దేశపు యుద్ధానికి అంత తేలిగ్గా కదిలిరావడానికి అదీ ఒక కారణమే.

ఈ విద్యలో అసలు కిటుకు కాలాన్ని లెక్కగట్టడం. వాగు దాటిన చోట బండమీద తడి ఆరిందా, కలకబారిన నీరు తేరుకుందా, విరిగిన కొమ్మ దగ్గర జిగురు ఎండిందా? అడుగుజాడలో వాన చినుకుల గుంటలుంటే మనిషి వానకు ముందే పోయాడు. దారికి అడ్డంగా సాలెగూడు చెక్కుచెదరకుండా ఉంటే ఈమధ్య అటు ఎవరూ పోలేదు. మనుషుల లెక్క తేల్చడానికీ ఒక పద్ధతుంది. ఒకే కాలి వరస జాడలు రెండింటి మధ్య దూరానికి గీతలు గీసి, ఆ లోపల పడ్డ అడుగులన్నీ లెక్కబెట్టి సగం చేస్తే ఎంతమంది వెళ్లారో దాదాపుగా తెలుస్తుంది.

గెరిల్లాలూ తక్కువవాళ్లేం కాదు. వాగులో దిగి నడిచేవారు, గుంపు చీలి మళ్లీ కలిసేవారు. వెనక్కి నడిచి ఏమార్చాలనుకుంటే మాత్రం అంగ కురచవుతుంది, మట్టి తప్పు వైపుకు చిమ్ముతుంది.

ఈ జాడ తీసే విద్యను అడవిమనిషికి పుట్టుకతో వచ్చే ఆరో ఇంద్రియమన్నట్టు రాసినవాళ్లున్నారు. నేనొప్పుకోను. ఊహించడం, సరిచూడడం, తప్పయితే వదిలేయడం: ఇదంతా తర్కమే. జాడ తప్పినప్పుడు ముందుకు తోసుకుపోకుండా, చివరిగా రూఢి అయిన ఆనవాలు దగ్గర గుర్తుపెట్టి చుట్టూ వెతకడమే అందుకు రుజువు.

నేల చూస్తూ నడిచేవాడికి ఎదుటి తుపాకీ కనబడదు. అందుకే పక్కన కాపలా మనిషి ఉండాలి. 1951 మేలో జొహోర్‌లో ఒక చిన్న దళం మీద సుమారు యాభైమంది గెరిల్లాలు విరుచుకుపడ్డారు. ఆ దళానికి జాడ తీస్తున్న అవాంగ్ అనక్ రావెంగ్ తొడలో తూటా దిగినా, గాయపడిన సైనికుణ్ని చాటుకు ఈడ్చుకెళ్లి నలభై నిమిషాలు ఒంటరిగా కాచాడు. బ్రిటన్ ఆయనకు జార్జ్ క్రాస్ ఇచ్చింది.

చివరికి చిన్ పెంగ్ నాయకత్వంలోని గెరిల్లాలు ఉత్తరానికి జరిగి, థాయ్ సరిహద్దు దాటి బెటాంగ్ అడవుల్లో స్థావరం వేసుకున్నారు. అడవికి సరిహద్దు లేదు, సైన్యానికి ఉంది. 1960లో మలయాలో అత్యవసర పరిస్థితి ఎత్తేసినా ఆ స్థావరాలు నిలిచే ఉన్నాయి. తుది ఒప్పందం 1989 డిసెంబరు 2న హాట్ యాయ్‌లో గానీ కుదరలేదు.

ఈ కథలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఆ మలయా అడవి అణువణువూ తెలిసిన ఆదివాసులు ఒరాంగ్ అస్లీలు మొదట్లో గెరిల్లాలకు తిండి పెట్టి దారి చూపారు. వాళ్లను గెరిల్లాల నుంచి విడదీయాలని ప్రభుత్వం ముళ్లకంచెల శిబిరాల్లోకి తోలితే, రోగాలతో ఎందరో చనిపోయారు. తప్పు తెలిశాక అడవిలోనే కోటలు కట్టి, వైద్యం, సరుకులు అక్కడికే పంపారు. 1956లో వాళ్ల యువకులతోనే సెనోయ్ ప్రాక్ అనే దళం ఏర్పాటైంది. మలేషియా పోలీసుల్లో అది నేటికీ కొనసాగుతోంది.