మగ్గాల షెడ్డు గుమ్మం

బొంబాయి బట్టల మిల్లుల గురించి రాసేవాళ్లు ఎక్కువగా కట్టడపు అందం గురించే రాస్తున్నారు. ఇటుక పొగగొట్టం, పోత ఇనుప స్తంభాల వరసలు, రంపపు పళ్లలా లేచే షెడ్డు కప్పు. అందం లేదని మేము అనడం లేదు. ఆ కప్పు కింద ఎవర్ని నిలబడనిచ్చారు, ఎవర్ని బయటే ఆపారు అన్న మాట ఆ వర్ణనల్లో ఎక్కడా రాదు. మా పేచీ అక్కడే.

ఈ కట్టడం పుట్టిల్లు విక్టోరియా కాలపు లాంకషైర్. 1854లో కవాస్జీ దావర్ బొంబాయిలో తొలి మిల్లు కంపెనీ పెట్టినప్పుడు యంత్రాలు ఓల్డ్‌హామ్‌లోని ప్లాట్ బ్రదర్స్ నుంచి వచ్చాయి. ఆ యంత్రాలకు తగ్గ ఇంటి నమూనా కూడా అక్కడిదే. నూలు వడకడం అంతస్తుల భవనంలో జరుగుతుంది, ఒకే ఆవిరి ఇంజను అన్ని అంతస్తుల్నీ తిప్పుతుంది. మరమగ్గాల అదురు పై అంతస్తులకు మంచిది కాదు, అందుకని నేత నేలమీది షెడ్డులో. తెగిన పోగు కంటికి కనబడాలి, ఎండ మాత్రం నేరుగా పడగూడదు. అందుకే కప్పులో అద్దాలు ఉత్తరం వైపు. ఇంజనీరు లెక్కలో కులం లేదు నిజమే. యంత్రం అడిగిన గోడలే ఇవి.

బొంబాయిలో ఆ గోడలకు ఇంకో పని కూడా దొరికింది. దళితులు ఎక్కువగా రింగు స్పిన్నింగులో, తక్కువ జీతానికి. కూలి బాగా గిట్టే నేత ఖాతాలో వాళ్లకు చోటు లేదు. దీనికి చెప్పిన కారణం నాడె. పేక కండె మార్చినప్పుడల్లా నేతగాడు నాడె కంటికి నోరు ఆనించి పోగును పీల్చి బయటికి తియ్యాలి. లాంకషైర్‌లోనూ ఇదే పద్ధతి. అక్కడ జబ్బులు అంటుకుంటాయని గొడవ లేచింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1911లో దీన్ని నిషేధిస్తూ చట్టమే చేసింది. మన దగ్గర అదే ఉమ్మి ఎంగిలి అయింది. అదీ అందరి ఉమ్మీ కాదు. సవర్ణ నేతగాళ్లు ఒకరి నోటి తడి నాడెను ఇంకొకరు నోట పెట్టుకున్నారు, ఎవరికీ మైల అంటలేదు. దళితుడి నోరనగానే అంటింది! తాగేనీళ్ల కుండలూ వేరే. గుమ్మం మీద బోర్డేమీ లేదు. పనిలో పెట్టుకునే జాబరుకు తెలుసు, షెడ్డులో ఉన్నవాళ్లకు తెలుసు, అది చాలు. ఊరికీ వాడకూ మధ్య ఉన్న హద్దుకు మాత్రం బోర్డు ఉంటుందా?

దళితులకు నేత రాదని ఎవరైనా అంటే మన తెలంగాణ వైపు ఒకసారి చూడమంటాం. నేతకానివాళ్లు షెడ్యూల్డ్ కులమే, పేరులోనే నేత ఉంది. ముతక బట్ట నేసిన మాలలు మన పల్లెల్లో కొత్తగాదు. బొంబాయి సాంచాల మీద పనిచేసిన తెలంగాణ పద్మశాలీల వలస గురించి మనం చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే, వాళ్ల కష్టం చిన్నదిగాదు. ఆ షెడ్డు ఎవరికి మూసి ఉందో కూడా ఆ కథలోనే చెప్పాలి.

1928లో ఆర్నెల్లు నడిచిన సార్వత్రిక సమ్మెలో అంబేడ్కర్ ఈ గుమ్మం సంగతే ఎత్తాడు. అస్పృశ్య కార్మికులకు అన్ని ఖాతాల్లో పని హక్కు ఉండాలన్న డిమాండు చేర్చమని పట్టుబట్టాడు. ఎర్రజెండా నాయకులు మనసారా ఒప్పుకోలేదు, అయిష్టంగానే చేర్చారు. యజమాని గోడ కనిపించిన కళ్లకు తోటి కార్మికుడు కట్టిన గోడ ఆనలేదు. కట్టడాల చరిత్ర రాసేవాళ్ల చూపూ ఇదే.

1982 జనవరిలో మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒకటొకటే మూతబడ్డాయి. ఫీనిక్స్ మిల్లు షాపింగ్ మాల్ అయింది, పొగగొట్టం అలంకారంగా మిగిలింది. దాదర్‌లో చైత్యభూమికి దగ్గర్లోని ఇందూ మిల్లు స్థలం, 12 ఎకరాలకు పైబడిన నేల, అంబేడ్కర్ స్మారకానికి దక్కింది. 2015 అక్టోబరులో శంకుస్థాపన చేశారు. విగ్రహం ఎంత ఎత్తుండాలన్న దానిమీద చాలా చర్చ నడిచింది. నడవనీండి. ఆ విగ్రహం కింద ఒక గదిలో మరమగ్గపు నాడె ఒకటి, వేరువేరుగా పెట్టిన రెండు నీళ్ల కుండలు కూడా ఉండాలని మేము అడుగుతున్నాం.