ముదురు గోధుమ రంగులో పనితనం

ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్లలో తలుపులకు వేసే ముదురు గోధుమ రంగును పాతకాలపు అభిరుచి అని కొట్టిపారేయడం అన్యాయం. కొల్లేరు చుట్టుపక్కల గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో వేప తలుపు ఉబ్బి గుమ్మానికి పట్టేస్తుంది, ఎండాకాలంలో బిగువు వదులుతుంది. ఎనామిల్ పూత దీన్ని పూర్తిగా ఆపదు గానీ బాగా తగ్గిస్తుంది. పైగా గోధుమ రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్ వెలుతురుకు అంత తేలిగ్గా వెలిసిపోదు. అయితే డబ్బాలోని గుణం చెక్కకు పట్టాలంటే పెయింటరు చెయ్యి కావాలి. గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు వేసి, కన్నాలకు లప్పం పెట్టి, ఆరాక మళ్లీ రుద్ది, అప్పుడు పల్చగా రెండు పూతలు వెయ్యాలి. తలుపు కింది అంచుకు కుంచె తగిలిందా లేదా అన్నదే అసలు పరీక్ష. తేమ దూరేది అక్కడే, ఎవరూ వంగి చూడనిదీ అక్కడే.

ఈ రంగు గదిని చీకటి చేస్తుందంటారు. నాలుగు గోడలకూ పూస్తే నిజమే. మంచి పనివాడు దాన్ని తలుపులకు, కిటికీలకు, దూలాలకు, మహా అయితే చేతి మరకలు పడే గోడ అడుగు పట్టీకి పరిమితం చేస్తాడు. ఆపైన గోడంతా లేత రంగే. టేకుకు వార్నిషే అందమన్న మాట ఒప్పుకోవలసిందే. కానీ టేకు అందరికీ అందదు. వేపకూ తుమ్మకూ, అతుకులు పడ్డ చెక్కకూ ఒకే నిండుదనం ఇచ్చేది ఈ రంగే. గడపకు మాత్రం పసుపే, అక్కడ వాదన లేదు.