గాలి పోతే పడే బ్రేకు

గన్నవరం బస్టాండులో తెల్లవారుజామున బస్సు స్టార్టు చేశాక డ్రైవరు వెంటనే కదిలించడు. ఇంజను ఊరికే తిరుగుతుంటే గాలి మీటరు ముల్లు వైపు చూస్తూ కూర్చుంటాడు. ట్యాంకుల్లో గాలి నిండనిదే వెనక చక్రాలను బ్రేకు వదలదు. రాత్రి బండి నిలిపి పార్కింగు మీట లాగినప్పుడు సుస్సుమని ఓ చప్పుడు వస్తుంది కదా, దాన్ని చాలామంది బ్రేకులోకి గాలి వెళ్ళిన చప్పుడనుకుంటారు. నిజానికి అది గాలి బయటికి పోయిన చప్పుడు. బలమైన స్ప్రింగు ఒకదాన్ని అంతసేపూ గాలి అదిమిపెట్టి ఉంచింది. గాలి తప్పుకోగానే స్ప్రింగు విచ్చుకుని చక్రాన్ని పట్టేసింది.

డ్రమ్ముకు తాడు చుట్టి బరువులెత్తే గాలి వించి గురించి రాయబోతూ బస్సు దగ్గర మొదలుపెట్టాను. రెంటి ప్రాణమూ ఒకే కిటుకులో ఉంది మరి. బ్రేకు వేయడానికి బలం కావాల్సి వస్తే, ఆ బలం పోయిన రోజున బ్రేకు కూడా పోతుంది. బ్రేకు తీయడానికే బలం కావాల్సి వస్తే, బలం పోయిన క్షణానే బ్రేకు పడుతుంది. ఈ తేడా తెలుసుకోవడానికి రైళ్ళవాళ్ళకు మూడేళ్ళు పట్టింది. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో తెచ్చిన మొదటి గాలి బ్రేకులో గాలి పంపితే బ్రేకు పడేది. గొట్టం ఊడిందా, ఇక రైలును ఆపేదేమీ లేదు. 1872లో ఆయనే దాన్ని తలకిందులు చేశాడు. పెట్టెల పొడవునా గొట్టంలో గాలి నిండి ఉన్నంతసేపూ బ్రేకు వదిలి ఉంటుంది, గాలి తగ్గితే పడుతుంది. పెట్టెల మధ్య లంకె తెగితే రెండు ముక్కలూ వాటంతటవే ఆగుతాయి. బెజవాడ జంక్షన్‌లో ఈ రోజు ఆగే రైళ్ళను ఆపుతున్నది ఆ ఆలోచనే.

మా వైపు గాలి వించి కనిపించే చోటు చమురు రిగ్గు. కైకలూరు, లింగాల వైపు చేపల చెరువుల మధ్య ఓఎన్‌జీసీ బావులున్నాయి. బావి తవ్వేటప్పుడు పైపులను నేల మీంచి రిగ్గు అరుగు పైకి లాగాలి, బరువైన పనిముట్లను అటూ ఇటూ జరపాలి. ఆ పని చేసేది అరుగు మూల బిగించిన చిన్న వించి. కరెంటుది పెట్టొచ్చు కదా అంటే, గ్యాసు వచ్చే చోట ఒక్క నిప్పురవ్వ చాలు. గాలి మోటారులో నిప్పురవ్వ పుట్టించే వైర్లూ బ్రష్షులూ ఉండవు. పైగా పనిచేస్తున్నకొద్దీ అది వేడెక్కదు, చల్లబడుతుంది. నొక్కిపెట్టిన గాలి విచ్చుకుంటూ బయటికి వచ్చేటప్పుడు ఎంత చలువ పుడుతుందంటే, మన డెల్టా తేమకు బయటి రంధ్రం దగ్గర మంచు పొర కూడా కట్టొచ్చు.

ఈ వించిలో ఆపే ఏర్పాట్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మొదటిది మీట. చెయ్యి తీసేస్తే స్ప్రింగు దాన్ని నడిమికి తెస్తుంది, గాలి ఆగిపోతుంది. మనిషి కళ్ళు తిరిగి పడిపోయినా, తేలు కుట్టి చెయ్యి విదిలించినా బరువు ఉన్నచోటే ఉండాలి. ఈ మీటను తాడుతోనో ఇనపచువ్వతోనో కట్టిపడేసి పని తేలిక చేసుకునేవాళ్ళుంటారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కాపలా మనిషిని స్తంభానికి కట్టేసి ఇంటికి కాపలా ఉందనుకోవడం లాంటిది అది.

రెండోది డిస్కు బ్రేకు. బస్సులో చెప్పిందే, స్ప్రింగులు నొక్కి పడుతుంటే గాలి తోసి వదిలిస్తుంది. కంప్రెసరు ఆగినా, గొట్టం పగిలినా, ఎవరో పొరపాటున వాల్వు కట్టేసినా బ్రేకు పడాల్సిందే. ఇక్కడ బయటివాళ్ళకు తట్టని మెలిక ఒకటుంది. అత్యవసరంగా ఆపే ఎర్రబొత్తాన్ని వించికి చాలా దూరంగా, పొడవాటి గొట్టానికి అవతలి కొసన పెట్టారనుకోండి. బొత్తాం నొక్కగానే వచ్చే గాలి ఆగుతుంది, కానీ గొట్టంలో మిగిలిన గాలి కాసేపు బ్రేకును తెరిచే ఉంచుతుంది. ఆ కాసేపట్లో మనిషి వేలు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే గాలిని గబుక్కున బయటికి వదిలేసే వాల్వు బ్రేకు పక్కనే ఉండాలి. ఆపడమంటే సరఫరా కట్టేయడం ఒక్కటే కాదు, లోపల మిగిలిందాన్ని ఖాళీ చేయడం కూడా.

మూడోది డ్రమ్ము చుట్టూ బిగించే బ్యాండు బ్రేకు, చేత్తో వేసేది. డిస్కు బ్రేకు మోటారు వైపు ఉంటే ఇది నేరుగా డ్రమ్మునే పట్టుకుంటుంది. మధ్యలో గేరు పళ్ళు విరిగినా ఇది నిలబెడుతుంది. మోటారుకు నూనె ప్రాణం, బ్యాండుకు నూనె విషం. లూబ్రికేటరు నుంచి చెదిరిన నూనె బ్యాండు మీద పడితే పట్టు సగానికి సగం పోయినా ఆశ్చర్యం లేదు. ఒకే యంత్రంలో ఒక భాగానికి కావాల్సింది ఇంకో భాగానికి చేటు. తుడిచే గుడ్డ పట్టుకున్న కుర్రాడికి ఈ సంగతి తెలిసి తీరాలి.

ఓవర్‌లోడు దగ్గర కాసేపు ఆగాలి, తప్పుడు ధైర్యం ఎక్కువగా ఉండేది ఇక్కడే. కరెంటు మోటారు బరువు కింద చిక్కుకుంటే చుట్ట కాలిపోతుంది. గాలి మోటారు మోయలేని బరువు తగిలితే ఊరికే నిలబడిపోతుంది, బరువు తీస్తే మళ్ళీ తిరుగుతుంది. ఇది మంచి గుణమే. దీన్ని చూసి ఓవర్‌లోడు భయం లేదనుకుంటారు. నిలబడిపోవడం మోటారును కాపాడుతుంది, తాడును కాదు. మోటారు ఆగిపోయే బరువు ప్లేటు మీద రాసిన బరువు కన్నా బాగా ఎక్కువ ఉండొచ్చు. 90 పీఎస్ఐ గాలికి లెక్కకట్టిన వించికి ఎవరైనా తొందరలో రెగ్యులేటరు తిప్పి 120 ఇస్తే, ఆ ఆగే హద్దు మరో మూడో వంతు పైకి జరుగుతుంది. ప్లేటు మీద అంకె మాత్రం మారదు. తాడు, కొక్కెం, కొక్కేన్ని మోసే దూలం, ఏవీ ఆ మార్పుకు ఒప్పుకుని సంతకం పెట్టలేదు.

ఇంకో సంగతి డ్రమ్ము మీద తాడు వరసలది. తాడు దాదాపు విప్పేసి ఒక్క వరస మిగిలినప్పుడు వించి లాగే బలం ఎక్కువ. వరస మీద వరస చుట్టుకుని డ్రమ్ము లావెక్కేకొద్దీ లాగే బలం తగ్గుతుంది, బ్రేకు పట్టగలిగే బరువూ తగ్గుతుంది. అదే మోటారు, అదే బ్రేకు, మధ్యలో చెయ్యి పొడవైంది, అంతే. అందుకని ఓవర్‌లోడుకు విడిగా ఓ ఏర్పాటు కావాలి. బరువు హద్దు దాటితే ఎత్తే గాలిని కట్టేయాలి, దించే గాలిని మాత్రం వదలాలి. రెండూ కట్టేస్తే బరువు నెత్తిన వేలాడుతూ ఉండిపోతుంది.

ఈ ఊహలేవీ మనకు పరాయివి కావు. మా అమ్మమ్మ వాళ్ళింట్లో చేదబావి ఉండేది. గిలక మీంచి తాడు వేసే ముందు ఆవిడ తాడు రెండో కొసను రాటకు కట్టేది. పిల్లలం బకెట్టు పట్టుకుంటే, ముందు కొస కట్టావా అని వంటింట్లోంచే అడిగేది. కట్టనినాడు తాడు చేతిలోంచి జారి బకెట్టుతో సహా నీళ్ళలో పడేది. అప్పుడు కొక్కేల గుత్తి, మా వైపు పాతాళ భైరవి అంటాం, అది ఎవరింట్లో ఉందో అడుక్కుని తెచ్చి గంటసేపు బావిలో గాలించాలి. రాటకు కట్టిన ఆ కొసే వించి భాషలో కింది హద్దు. తాడు ఎంత దించినా డ్రమ్ము మీద కనీసం 3 చుట్లు మిగలాలి, లేదంటే బరువంతా తాడు కొసను బిగించిన చిన్న మేకు మీద పడుతుంది. పై హద్దుకు బావిలో సాటి లేదు. కొక్కెం పైకి పోయి గిలకకు తగిలి, ఇంకా లాగుతూనే ఉంటే తాడు తెగుతుంది. అందుకే గిలక కింద చిన్న మీట పెడతారు, కొక్కెం దానికి తగలగానే గాలి ఆగుతుంది.

బరువు ఎంతో ముందే తెలుసనుకోవడం ఎంత పొరపాటో 2024 సెప్టెంబరులో బెజవాడలో కళ్ళారా చూశాం. ఆ నెల మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, 1957లో బ్యారేజీ పూర్తయ్యాక అంత వరద అదే మొదలు. ఆ ఉధృతికి పైనుంచి కొట్టుకొచ్చిన భారీ పడవలు గేట్ల మీద పడ్డాయి. 67, 69 గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. గేటు ఎత్తడం తేలికయ్యేలా దాని బరువుకు ఎదురుగా వేలాడదీసే దిమ్మె అది, బావి ఏతానికి వెనక కట్టిన రాయి లాంటిది. డ్యాము గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు పర్యవేక్షణలో వాటి స్థానంలో ఉక్కుతో చేసిన కొత్తవి బిగించారు. పడవలను తీయడం అంతకన్నా కష్టమైంది. 50 టన్నుల క్రేన్లు వాటిని కదపలేకపోయాయి. పడవ బరువు కాగితం మీద ఒకటి, లోపల నీరు, ఇసుక నిండి గేట్ల మధ్య ఇరుక్కున్నాక ఇంకొకటి. చివరికి నీళ్ళలో దిగి కోసి, లాగి, రోజుల తరబడి పాట్లు పడి తీయాల్సి వచ్చింది. అంతకు కొద్దివారాల ముందే, ఆగస్టు 10 రాత్రి, తుంగభద్ర డ్యాములో 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. అక్కడా గేటు స్థానంలో నీళ్ళను ఆపే స్టాప్‌లాగు దించడానికి వెళ్ళింది కన్నయ్య నాయుడే.

గొలుసు తెగితే ఏమిటన్న ప్రశ్న మన చట్టంలోకి ఎప్పుడో వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 28వ సెక్షను మనుషులను మోసే లిఫ్టు తాళ్ళ మీద వేలాడితే కనీసం రెండు తాళ్ళు ఉండాలంది. ఒక్కో తాడూ నిండు బరువును ఒంటరిగా మోయగలగాలి. తాళ్ళు తెగినా పెట్టెను పట్టి నిలిపే ఏర్పాటు, హద్దు దాటి పోకుండా తనంతట ఆపే ఏర్పాటు ఉండాలి. బరువులెత్తే యంత్రాలూ తాళ్ళూ గొలుసులను 12 నెలలకొకసారైనా అర్హత ఉన్న మనిషి క్షుణ్ణంగా పరీక్షించాలని 29వ సెక్షను చెప్పింది. ఈ చట్టం రాసినవాళ్ళ మీద నాకు గౌరవం. యంత్రం ఎంత ఎత్తుతుందని వాళ్ళు అడగలేదు, ఏది విరిగితే ఏది పట్టుకుంటుందని అడిగారు.

రిగ్గు మీద మనిషిని పైకి ఎత్తాల్సి వచ్చినప్పుడు ఈ ప్రశ్నకు జవాబు మరీ గట్టిగా ఉండాలి. సామానెత్తే వించితో మనిషిని ఎత్తకూడదు. మనుషుల వించికి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు బ్రేకులు కావాలి. డ్రమ్మును మోటారు నుంచి విడదీసి తాడు ఊరికే జారేలా చేసే క్లచ్చు ఉండకూడదు, ఉంటే తాళం వేసి ఉండాలి. సామాను తాడుకు తెగే బలం మోసే బరువుకు 5 రెట్లుంటే, మనుషుల తాడుకు 10 రెట్లు అడుగుతారు. మీట దగ్గర మనిషి పైనున్న మనిషి మీంచి చూపు తిప్పకూడదు. సెల్‌ఫోను మోగినా సరే.

ఇవన్నీ ఉన్నా రోజువారీ పని తప్పదు. డెల్టా గాలిలో తేమ ఎక్కువ, అది కంప్రెసరు ట్యాంకు అడుగున నీరై చేరుతుంది. పొద్దున్నే అడుగు కుళాయి తిప్పి ఆ నీళ్ళు వదలకపోతే, అవి గొట్టాల్లోకి పోయి వాల్వుల్లో తుప్పు పట్టిస్తాయి, తుప్పు పట్టిన వాల్వు మూసుకోవాల్సిన వేళ మూసుకోదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బ్రేకుల మేస్త్రీలు ఈ మాట నిద్రలో కూడా చెబుతారు.

నీళ్ళు వదిలాక చేసే పరీక్ష ఒకటుంది. బరువును నేల మీంచి జానెడెత్తు లేపి మీట వదిలేస్తారు. బ్రేకు పడుతుంది. డ్రమ్ము అంచు నుంచి పక్కనున్న చట్రం మీదికి చాక్‌పీసుతో అడ్డంగా ఒక గీత గీసి, బరువు కిందికి ఎవరూ రాకుండా చూసి, పక్కన నిలబడతారు. కాసేపయ్యాక వంగి చూస్తారు. గీత అతికినట్టే ఉంటే ఆ రోజు పని మొదలవుతుంది. రెండు ముక్కలై పక్కకు జరిగితే, వెంట్రుకవాసి జరిగినా సరే, బరువు దించి మెకానిక్కును పిలుస్తారు.